క్లచ్ తొక్కే కాలు

జూన్ 3
ఎడమ తొడ వాచింది. దెబ్బ లేదు, జ్వరం లేదు, వారంగా ఒకటే నొప్పి. బిగిసిన గేర్‌బాక్స్‌ను నాలుగు రౌండ్లు తిప్పితే ఫ్రీ అవుతుంది, కాలూ అంతే అనుకున్నాను. పొద్దున ఆటోనగర్ చుట్టూ కుంటుతూ రెండు చుట్లు. ఇప్పుడు మంచం దిగలేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జూన్ 5
స్కానింగ్ రిపోర్టు వచ్చింది. ఏళ్ల తరబడి షుగర్‌ను గాలికొదిలేశాను కదా... సన్న రక్తనాళాలు మూసుకుపోయి తొడ కండలో కొంత భాగం చచ్చిపోయిందట. చాలా అరుదట. రెండు చుట్ల సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వాపుకుంది. "కండ గేర్‌బాక్స్ కాదండీ. ముందు రెస్టు, టైముకి ఇన్సులిన్."
మళ్లీ క్లచ్ తొక్కగలనా అని అడిగాను.
"చూద్దాం."
బాగుచేసిన ప్రతి లారీనీ ఇరవై ఏళ్లుగా నేనే తోలి చూసి ఇచ్చాను. భయంగా ఉంది.

జూన్ 9
పరగడుపున 148. మా ఆవిడ రమ షుగర్ మిషన్‌ను దేవుడి పటాల పక్కన పెట్టింది. "నా మాట ఎలాగూ వినరు, దీని మాటైనా వినండి."

జూన్ 14
మా రిపేరు షెడ్డులో పార్ట్‌నర్ బాషా ఇంటికొచ్చాడు. బిర్యానీ తెచ్చుకుని నా ఎదురుగానే లాగించాడు, వెధవ. "నీకు వాసన చాల్లే అన్నా." తర్వాత ఫోన్లో ఓ లారీ చప్పుడు వినిపించాడు. బేరింగు పోయిందన్నాను. సాయంత్రం ఫోను — విప్పితే అదేనట. పడుకునే రిపేరు చేశాను... ఎంత సంతోషమో.

జూన్ 20
112. రమకు చూపించి మళ్లీ చూపించాను.

జూలై 2
వాపు తగ్గింది. ఇంట్లో మెల్లగా నడవచ్చట. గుమ్మం దాకా పదకొండు అడుగులు, రమ లెక్కపెట్టింది. పన్నెండోది దొంగతనంగా వేశాను. తిట్టింది. తిట్లు కూడా హాయిగా ఉన్నాయి.

ఆగస్టు 11
డాక్టరమ్మ ఒప్పుకుంది — ఆగి ఉన్న బండిలోనే, ఒక్కసారే. షెడ్డులో పది చక్రాల లారీ. బాషా చెయ్యి పట్టి ఎక్కించాడు. రమ తలుపు దగ్గర. తొక్కాను. క్లచ్ కిందిదాకా వెళ్లింది. పది లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాను. కాలు వణకలేదు. ఏడ్చేశాను, సిగ్గేమీ వెయ్యలేదు.
"రోడ్డెక్కిద్దామా అన్నా?" బాషా.
తాళం చేతిలోనే ఉంది. పొద్దుటి నుంచి కుడి తొడలో సన్నగా సలుపు... అది బ్రేకు కాలు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తాళం బాషా చేతిలో పెట్టి, కిందికి దిగి రమతో చెప్పాను. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి.