పెరుగన్నం

నందికొండ, 1964
శ్రావణ శుక్రవారం, రాత్రి

సాయంత్రం డ్యాం క్లబ్బులో జపాన్ సినిమా వేశారు. మాటలు అర్థం కాలేదు. అందులో ఒక తల్లి, చనిపోయిన కూతురి ఫోటో ముందు రోజూ అన్నం పెట్టాకే తను తింటుంది.

పోయినవాళ్ల ఫోటో దేవుళ్ల దగ్గర ఉండకూడదని మా కూతురు సరోజ ఫోటోను ట్రంకుపెట్టె అడుగున దాచింది నేనే. తొమ్మిదేళ్లుగా అడగని ఆయన ఈ రోజు దారిలో అడిగారు.

"మన సరోజ ఫోటో జర తియ్యరాదే. మనం గూడ గట్ల పెడ్దాం. దానికి పెరుగన్నమంటే పానం."

"రేపు తీస్త," అన్నాను.

పాలు తోడుపెట్టమని చెప్పి ఆయన పడుకున్నాక పెట్టె తెరిచాను. చెమ్మకు ముఖమంతా చెరిగిపోయింది. భుజం మీది పూలజడ ఒక్కటే మిగిలింది. ఇంకో ఫోటో లేదు.

పాలు తోడుపెట్టాను. స్వామీ, తెల్లారితే ఆయనకు ఏం చూపించను?