సాదా నూనె

క్యాంప్ 1, భిలాయి
ఏప్రిల్ 1996

మా ప్రసాదుకి,

నాగపూర్ ఎండల్లో హాస్టలు తిండి తింటూ ఎలా ఉన్నావోనని అమ్మ రోజూ నీ మాటే తలుచుకుంటోంది. ఇక్కడ మేం కులాసాగానే ఉన్నాం. నాన్న రైల్ మిల్లు నుంచి వచ్చి నీ థీసిస్ ఎంతవరకు వచ్చిందని అడుగుతారు, నాకేదో తెలిసినట్టు. మా అబ్బాయి చర్మవ్యాధుల మీద పరిశోధన చేస్తున్నాడని షిఫ్టులో అందరికీ చెప్పుకున్నారట.

నువ్విచ్చిన నూనె ఒక్కరోజు కూడా మానలేదు. బడి నుంచి రాగానే చెంప మీది మచ్చకీ, చేతి వేళ్ళకీ రాసుకుని డాబా ఎక్కుతున్నాను. కింద సందులో సైకిళ్ళ మీద పోయేవాళ్ళు తలెత్తి చూస్తారు. మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఎండలో కూర్చున్నంతసేపూ కళ్ళు మూసుకుంటాను. ఈ బొల్లి ఎందుకొస్తుందో పెద్ద పెద్దవాళ్ళకే ఇంకా పూర్తిగా తేలలేదన్నావు. నాకది తేలక్కర్లేదు ప్రసాదూ, తగ్గితే చాలు.

బడి సంగతి నీకు రాయలేదు. దసరా సెలవుల తరవాత నన్ను ఒకటో తరగతి నుంచి తీసేసి ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఎవరో తల్లి వచ్చి, "మేడమ్ మా పిల్ల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తారు, అంటుకుంటే ఏం చెయ్యాలి?" అందట. అంటుకోదని హెడ్‌మిస్ట్రెస్ గారికి తెలుసు. "నాకు తెలుసు సత్యశ్రీ, పేరెంట్స్ కో కౌన్ సమ్‌ఝాయే?" అన్నారావిడ, వాళ్ళకి నచ్చజెప్పేదెవరని. ఇప్పుడు హాజరుపట్టీలు రాస్తున్నాను. పిల్లలు కిటికీ దగ్గరకొచ్చి పిలిస్తే లోపలికి రావద్దంటున్నాను.

రాజాబాబు నన్ను చేసుకుంటానంటున్న సంగతి నీకు తెలుసు కదా. నాన్న మిల్లులోనే క్రేన్ నడుపుతాడు. మొన్న మార్కెట్లో కనిపించి, "అమ్మ మాన్‌తీ నహీ సత్యా, ఒప్పుకోదు. మొహం మీదిది కొంచెం తగ్గనీ, అప్పుడు నేను గట్టిగా అడుగుతాను" అన్నాడు. తగ్గుతుందని నేనూ చెప్పాను. మా తమ్ముడి మందు అని కూడా చెప్పాను.

ఒక్క సందేహం. పక్క డాబా మీద తులసమ్మ పిన్ని కూడా నీ నూనే రాస్తోంది కదా, కాళ్ళ మచ్చలకి. నిన్న నా దగ్గరకొచ్చి, "ఏటే సత్యా, నీకు మంటెత్తదేటి? నా కాలు సూడు, కాల్చీసినట్టుంటాది" అని చూపించింది. మచ్చలు ఎర్రగా కందిపోయాయి. ఆ ఎరుపు మధ్య ఆవగింజలంత నల్లచుక్కలు వస్తున్నాయి, అసలు రంగువి. నాకు ఎరుపూ లేదు, మంటా లేదు. తలకి రాసుకునే కొబ్బరినూనె రాసుకున్నట్టే ఉంటుంది. నా సీసాలోది పాతబడిందేమో. ఈసారి వచ్చినప్పుడు మార్చి ఇస్తావా?

ఒంటి మీద శ్రద్ధ పెట్టు. తిన్నావో లేదో అడిగేవాళ్ళు అక్కడ లేరు.

నీ మేలు కోరే
సత్యక్క

—

క్యాంప్ 1, భిలాయి
ఆగస్టు 1996

డాక్టర్ లక్ష్మీప్రసాద్ గారికి,

ఇలా పిలిస్తే నీకు కోపం వస్తుందని తెలుసు. రావాలనే రాశాను.

ఏప్రిల్లో నేను రాసినదానికి నువ్వొక కార్డు ముక్క పంపావు. "కొందరికి ఆలస్యమవుతుంది, ఓపిక పట్టు" అన్నావు. పట్టాను. పట్టలేక ఒకరోజు తులసమ్మ పిన్ని నూనె ఒక చుక్క అడిగి తీసుకుని, మణికట్టు మీది మచ్చకి రాసి ఎండలో కూర్చున్నాను. సాయంత్రానికి ఎర్రబడింది. మర్నాటికి పొక్కింది. నువ్వు నమ్మవు, ఆ పొక్కు చూసుకుని నేను సంతోషించాను. నా చర్మానికీ మందు తగులుతుందన్నమాట అనుకున్నాను.

తరవాత ఆదివారం నువ్వు తెలుగు సంఘం హాల్లో క్యాంపు పెట్టావు. అందరితో పాటు వరసలో నిలబడి, నా వంతు రాగానే చెయ్యి చాపాను. ఆ రోజు జనం మధ్య అనలేకపోయినవి ఉన్నాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

"ఇదెక్కడిది?" అన్నావు.

"తులసమ్మ పిన్ని సీసాలోది."

"ఎవరు రాయమన్నారు నిన్ను? స్టడీ అంతా పాడైపోతుందక్కా!"

నా చెయ్యి నీ చేతిలోనే ఉంది. పొక్కు చితికి నీరు కారుతోంది. నొప్పిగా ఉందా అని నువ్వు అడగలేదు.

"మరి నా సీసాలో ఉన్నదేమిట్రా?" అన్నాను.

నువ్వు నేల చూశావు. "సాదా నూనె అయి ఉండొచ్చు" అన్నావు. ఎప్పటి నుంచి తెలుసని అడిగితే, వెనక వరసలో జనం ఉన్నారనీ ఇంటి దగ్గర మాట్లాడదామనీ అన్నావు. ఇంటికి రాలేదు. అమ్మ నీకోసం చేపల పులుసు వండి కూర్చుంది. హాలు నుంచే స్టేషన్‌కి పోయావని పోలయ్య మావయ్య వచ్చి చెప్పాడు.

కిందటేడు అదే హాల్లో నిలబడి నువ్వన్న మాట నాకు గుర్తుంది. "అందరికీ ఇచ్చేది మందే. నమ్మకంతో రాయండి" అన్నావు. మన కాలనీ వాళ్ళు ఎవరి మాటా వినరు. నువ్వు గురునాథరావు గారబ్బాయివని విన్నారు. కోకోవెన్‌లో బొగ్గు సెగకి ఒళ్ళు కాల్చుకుని రిటైరైన పోలయ్య మావయ్య కూడా తన బొల్లి మచ్చలకి మందు కోసం కర్ర పట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డాడు. నేనైతే నువ్వు నా తమ్ముడివని విన్నాను.

రాజాబాబు పెళ్ళి వేసవి దాటకుండానే అయిపోయింది. పిల్లది దుర్గ్ దగ్గర ఉతై ఊరు. శుభలేఖ మనింటికీ ఇచ్చారు. ముందురోజు గుమ్మం దాకా వచ్చి, "సాల్ భర్ రుకా సత్యా, ఏడాదంతా ఆగాను, ఇంకేం చెయ్యను?" అన్నాడు. ఏమీ చెయ్యక్కర్లేదన్నాను. మందు రాస్తే నా చెంప బాగుపడేదనీ, అతను నన్ను చేసుకునేవాడనీ నేననను. తులసమ్మ పిన్నికే సగం మచ్చలు అలాగే ఉన్నాయి. మచ్చ పోతేనే తల్లిని ఎదిరించగలిగేవాడు రేపు ఇంకో కారణానికి కూడా ఎదిరించలేకపోయేవాడేమో. కానీ ఆ ఏడాది నాది ప్రసాదూ. అందరూ తలెత్తి చూస్తుంటే ఏమీ లేని నూనె రాసుకుని ఎండలో కూర్చున్నది నేను. నీకు ఎప్పటి నుంచి తెలుసు? ఆ ఒక్కటీ రాయి.

సత్యశ్రీ

—

నాగపూర్
ఆగస్టు 1996

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. దాచకుండా చెబుతాను.

మందు ఒకరికి, సాదా నూనె ఒకరికి ఇచ్చి పోల్చకపోతే, తగ్గింది మందు వల్లో ఎండ వల్లో ఎప్పటికీ తేలదు. అందుకే సగం సీసాల్లో సాదా నూనె పోశారు. ఎవరికి ఏది వెళ్ళిందో నాకు చెప్పలేదు, మా ప్రొఫెసర్ గారి దగ్గరే ఉంటుంది. కానీ నీ చెంప ఎర్రబడకపోవడం చూసి రెండో నెలకే నాకు అర్థమైంది. అప్పుడే ఆపేసి నీకు మామూలుగా వైద్యం చెయ్యొచ్చు. మా నియమాల్లో దానికి వీలుంది.

ఎందుకు చెయ్యలేదంటావు. సాదా నూనె రాసుకుంటున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. మా అక్కని ఒక్కదాన్నే తప్పించి మిగతావాళ్ళని అలాగే ఉంచడం న్యాయమా? ఇది సాకు కాదక్కా, నిజంగానే అలా అనుకున్నాను. ముందే ఎందుకు చెప్పలేదంటే, చెబితే జనం మానేస్తారని ప్రొఫెసర్ గారు భయపడ్డారు. నేనూ భయపడ్డాను. మనుషులు తగ్గితే థీసిస్ నిలవదు. స్టడీ అవగానే అసలు మందు నీకు నేనే పంపిస్తాను.

ఈ సంగతి నాన్నకి చెప్పకు.

నీ తమ్ముడు
ప్రసాద్

—

క్యాంప్ 1, భిలాయి
ఫిబ్రవరి 1997

ప్రసాదూ,

థీసిస్ పాసైందన్న కబురు చేరింది. నాన్న మిల్లులో లడ్డూలు పంచారు. ఆయనకి నేనేమీ చెప్పలేదు. నువ్వు చెప్పొద్దన్నావని కాదు, ఆయన మొహం చూసి మనసొప్పలేదు.

దసరా ముందటి క్యాంపుకి నువ్వు రాక, నీ జూనియర్ని పంపావు. ఆ రోజు హాల్లో జరిగింది అతను నీకు చెప్పాడో లేదో. నేను లేచి నిలబడి అందరికీ చెప్పేశాను. సగం సీసాల్లో సాదా నూనె ఉందనీ, మా తమ్ముడు అది దాచాడనీ, నాకిచ్చినదీ అదేననీ చెప్పాను. నాన్న అప్పుడు షిఫ్టులో ఉన్నారు, తరవాత ఎవరైనా చెప్పారేమో, నన్నయితే అడగలేదు. నీ స్టడీ కూలిపోతే కూలిపోనీ అనుకునే చెప్పాను. అబద్ధమాడను, కూలిపోవాలనే ఉండింది నాకు.

పెద్ద గొడవైంది. తులసమ్మ పిన్ని నిన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కొందరు సీసాలు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. తరవాత పోలయ్య మావయ్య ఆ కుర్ర డాక్టర్ని దగ్గరకి పిలిచాడు.

"ఏటి బాబూ, ఇలగ సేస్తే గాని మందు మంచిదో కాదో తెల్దా?"

"తెలీదండీ."

"తెలిస్తే, ఎనకొచ్చీ పిల్లలకి పనికొస్తాదా?"

"వస్తుందండీ."

"మరా ముక్క ముందే సెప్పడానికి మీకేటి రోగం? మాకు సెప్తే తెల్దనుకున్నారేటి?" అని తన సీసా మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "నాది సాదాదే కావొచ్చు. రాసుకుంటాను. ఈ వొయసులో నాకింకేటి పెళ్ళి సూపులు!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బల్ల మీద పెట్టినవాళ్ళలో కూడా చాలామంది మళ్ళీ వచ్చి సీసాలు తీసుకున్నారు. చివరికి మానేసినవాళ్ళు ఎంత కొద్దిమందో నీ థీసిస్‌లో నువ్వే రాసుకుని ఉంటావు. నిజం చెబితే జనం పోతారని మీరిద్దరూ భయపడ్డారు. నిజం చెప్పేదాకా నేనూ అదే అనుకున్నాను. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నువ్వు అడిగి ఉంటే నేనూ ఉండిపోయేదాన్నేమో! న్యాయం అన్నావే, ఆ మాట నా ఎదురుగా కూర్చుని చెబితే, సరే కానీరా అనేదాన్నేమో. ఆ మాట అనే వీలు నాకివ్వలేదు నువ్వు. అందరూ సమానమే అనిపించుకోవడానికి అందరినీ సమానంగా మోసం చేశావు.

నువ్వు పంపిన అసలు మందు అందింది. వాడుతున్నాను. తిప్పికొడతానని అనుకున్నావేమో, ఎందుకు తిప్పికొడతాను? అది నాకు రావలసినదే. కానీ మచ్చ ఎలా ఉందో చూపించుకోవడానికి దుర్గ్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరకి వెళుతున్నాను. నువ్వు ఇంటికి రా, అమ్మ చేతి వంట తిను, నాన్న పక్కన కూర్చో. నా చెంప మాత్రం నీకు చూపించను. బడిలో కూడా అడిగేశాను, ఒకటో తరగతి తిరిగి ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానేస్తానని. ఇంకా ఏమీ తేల్చలేదు.

ఇక నీ అసలు సంగతి. నీ పరిశోధన ఏదో మెడికల్ పత్రికలో వేస్తారనీ, సాదా నూనె వాడినవాళ్ళలో ఒకరి ఫోటో కావాలనీ, నాదైతే బాగా వచ్చిందనీ రాశావు. ఎవరో గుర్తుపట్టకుండా కళ్ళ మీద నల్లపట్టీ వేస్తామని ధైర్యం కూడా చెప్పావు. ఈసారి అడిగావు, అంతవరకు నయం.

వేసుకో. నాకు అభ్యంతరం లేదు. కానీ నల్లపట్టీ వద్దు. ఈ మొహాన్ని మన వీధిలో అందరూ చూశారు, నీ పత్రిక చదివే డాక్టర్ల దగ్గర దాచేదేముంది? కళ్ళతో సహా మొహమంతా వెయ్యి. ఎవరైనా ఈమె ఎవరని అడుగుతారు. పేషెంటు అనకు.

మా అక్క అని చెప్పు.

సత్యశ్రీ