మూడో బేగి

సరోజినీ టీచరుగారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన నర్సీపట్నం బడిలో మీ రెండో తరగతి ఇప్పుడు నాదే. మీలాగే "బేగి" అని మూడుసార్లు అరుస్తాను. మీ అంత గొంతు నాకు లేదు. మూడో బేగికల్లా పలకలు, పుస్తకాలు బీరువాలో ఉండాలి. కింద ఎవరి వస్తువు మిగిలితే వాళ్ళు కప్పగెంతులు వెయ్యాలి.

నిన్న తనిఖీకొచ్చిన ఆఫీసరుగారు, "ఆ భాషేంటమ్మా? త్వరగా అనాలి," అన్నారు. అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ఆయన ముందే "బేగి" మొదలెట్టాను. గదంతా శుభ్రమైంది, ఆయన బ్యాగు తప్ప.

"సార్, మీ బ్యాగు కిందే ఉండిపోనాదండి. గెంతండి," అంది ముందు వరసలో దుర్గ.

ఆయన నావైపు చూశారు. నేను సారీ చెప్పలేదు. "రూలు అందరికీ ఒకటేనండీ," అన్నాను.

ఇవాళ బీరువా తలుపు మీద మీ మాట పెయింటుతో పెద్దగా రాశాను. ఎవరైనా సెరిపేస్తే మళ్ళీ రాస్తాను. బేగి రాస్తాను.