జల్లెడ మీద ఆగిన టైలు ముక్క

తమ్ముడికి పెద్దక్క దీవెనలు.

నాన్న దగ్గు తగ్గింది, చెల్లి కోపం తగ్గలేదు. అది తప్ప ఇక్కడ అందరం క్షేమం.

కూల్చిన ఇంటి మట్టిలో మొక్క ఎలా బతుకుతుందని అడిగావు. నేను పనిచేసే యార్డులో శిథిలాలను పిండి చేసి, జల్లెడ పట్టి, ఎరువు కలిపి, నెలల తరబడి మాగబెడతాం. పంపే ముందు మళ్లీ జల్లెడ పట్టి, గుప్పెడు మట్టి మీద వెనిగర్ పోసి చూస్తాను. పొంగితే మొక్కను చంపేంత సున్నం ఇంకా ఉందన్నమాట. అలాంటి మట్టిని పంపకూడదు.

ఒక ఉదయం ఎప్పటిలాగే ప్రార్థన చేసుకుని ఏడింటికల్లా జల్లెడ దగ్గరున్నాను. దాని మీద ఆకుపచ్చ టైలు ముక్క ఒకటి ఆగింది. నువ్వు చిన్నప్పుడు సుత్తితో కొట్టిన గాటు అలాగే ఉంది. మన వంటింటిది. నాన్న ఆసుపత్రిలో ఉండగా ఇల్లు కూల్చేసి, వానకు దానంతటదే కూలిందని కోర్టులో ప్రమాణం చేశాడే ఆ బిల్డరు, ఆ మట్టి వెళ్లేది అతని కొత్త ఫ్లాట్ల ముందు తోటకే.

అతని మొక్కలు ఎండుతున్నది నిజమేనా అన్నావు. నిజమే. నలభై మొక్కలూ పసుపెక్కాయి. యార్డుకొచ్చి అరిచాడు.

"ఏంటమ్మా, మీ మట్టికి నా మీద పగా?"

"వానకు దానంతటదే పాడైందేమో సార్," అన్నాను.

అతని మొహం మాడిపోయింది. రోజూ శత్రువుల మేలు కూడా కోరేదాన్ని, ఆ రాత్రి ప్రార్థనలో అతన్ని వదిలేశాను. హాయిగా నిద్రపట్టింది.

నిన్న అతని తోటమాలి వచ్చాడు. "నీళ్లెక్కువ పోసి చంపానని నన్ను తీసేస్తున్నారమ్మా. మీరైనా చెప్పండి," అని ఏడ్చాడు.

తమ్ముడూ, టైలు ముక్క దొరికిన రోజు ఆ మట్టి పాలలా పొంగింది. నేను పరీక్ష కాగితం మీద "పొంగలేదు" అని రాసి సంతకం పెట్టాను.

నా రాత చూసుకుందామని ఈ రోజు ఫైలు తెరిచాను. ఆ కాగితం వెనకే, శిథిలాలు తెచ్చిన లారీ చీటీ గుచ్చి ఉంది. మన ఇంటి చిరునామా, అతని మనిషి సంతకం. తేదీ, వానకు మూడు రోజుల ముందు.

సాయంత్రం అందరికీ చెప్పేశాను.

"చీటీ ఇచ్చి, నీ కాగితం చింపెయ్ అక్కా," అంది చెల్లి.

"సగం నిజం చెప్పడం వాడి పని," అన్నారు నాన్న. "రెండూ ఇవ్వు."

రేపు రెండూ కోర్టులో ఇచ్చి, మట్టి పొంగిన సంగతీ చెబుతాను. నా ఉద్యోగం పోతే పోతుంది, తోటమాలిది నిలుస్తుంది. చెల్లి నాతో వస్తానంది. వాయిదా రోజుకు నువ్వూ రావాలి, గాటు నీదే కదా. ఆ టైలు ముక్కను మాత్రం నాన్న తన చేత్తోనే జడ్జి ముందు పెడతానన్నారు. అందరం సరేనన్నాం.

ఇట్లు,
సగమే పశ్చాత్తాపపడిన
నీ పెద్దక్క