నన్ను సాగనంపే బీరు

టోరున్, త్రోన్‌హైమ్ బస్సుకు వేళైంది. ఆసుపత్రికి బయలుదేరుతున్నాను.

మీ అమ్మ బంగాళాదుంపలు వేసే మడిలో పండిన బార్లీని నానబెట్టి కొట్టంలో పరిచాను. నిన్న మొలక కనబడింది. రోజుకు నాలుగుసార్లు చేత్తో తిరగెయ్యి. లేకపోతే మొలకల వేళ్లు పెనవేసుకుని చాపలా అట్టకడుతుంది. చేతికి వెచ్చగా తగిలితే మంచిదే, మరీ వేడెక్కితే పలచగా పరిచెయ్యి. మొలక గింజంత పొడుగయ్యాక ఆల్డర్ కట్టెల పొగ మీద ఆరబెట్టు. స్ప్రూస్ కట్టె ఒక్కటి పడినా బీరంతా తారు కంపు కొడుతుంది.

ఈ బీరు నన్ను సాగనంపడానికి. కడుపు కోస్తే బతుకుతానో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు. మన ఊళ్లో పోయినవాళ్ల పేరు మీద వచ్చినవాళ్లకు ఇంట్లో కాచిన బీరే పోస్తారు. మీ అమ్మ పోయినప్పుడు నువ్వు కొట్టు నుంచి బీరు పెట్టెలు దింపించావు. "ఏమ్మా, మీ అమ్మకు కొట్టు సీసాలతోనే సెలవా?" అని పక్కింటి స్వెర్రె అందరి ముందూ నవ్వాడు. "ఇప్పుడవన్నీ ఎవరు చూస్తారులే నాన్నా" అన్నావు నువ్వు. అది నేను క్షమించలేదు. క్షమించను కూడా.

నాన్న

మీ అమ్మ పోయిన ఆ వారమంతా నేను మంచం దిగలేదు, నిజమే. నీకు ఈ పని రాదు, అదీ నిజమే. "పిల్లకు కూడా నేర్పవయ్యా" అని మీ అమ్మ ఏటా పోరేది. ఆడపిల్లకెందుకని నేనే నేర్పలేదు. ఇందులో అర్థం కానిదేమైనా ఉంటే ఈ సాయంత్రమే ఫోన్ చెయ్యి. రేపు పొద్దున్నే కోస్తారు.