డ్రమ్ము వాసన చూసి చెప్పు

బామ్మర్దికి ఆశీస్సులు.

మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ నాతోపాటే నిచ్చెన మీంచి పడి పగిలింది కనక, ఈ ఉత్తరం పాలబండి అతని చేత పంపుతున్నాను. డాక్టరు వారం దాకా కాలు దించొద్దన్నాడు. మీ అక్క ఆస్పత్రిలో నా పక్కనే ఉంది. సెలవు పెట్టి వచ్చావు, సంతోషం. డ్రమ్ము నీ మీదే వదిలేశాను. అందులోవి కంపోస్టు, బెల్లం కలిపిన నీళ్ళు. పంపు కొట్టే గాలి ఆగితే మంచి సూక్ష్మజీవులు చచ్చి చెడ్డవి పెరుగుతాయి. శుక్రవారం పొద్దున టమాటా నారు మీద చల్లాలి. చెడిపోయింది చల్లావా, రెండు వేల మొక్కలూ మాడిపోతాయి. ఈ ఏడు పంట లేనట్టే. పూటకోసారి వాసన చూసి రాయి.

ఇట్లు,
మంచం పట్టిన బావ

తా.క. మట్టి వాసన రావాలి. అత్తరు కొట్లో పదేళ్ళుగా ముక్కుతో బతుకుతున్నవాడివి, నీకు నేను చెప్పాలా!

*

బావగారికి నమస్కారాలు.

పంపు ఆడుతోంది. బుడగలు లేస్తున్నాయి. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. కంగారుపడకండి.

మీ బామ్మర్ది

తా.క. వాసన బ్రహ్మాండం.

*

బామ్మర్దికి,

బ్రహ్మాండం అంటే? మట్టి వాసనా, మురుగు వాసనా? సూటిగా రాయి.

బావ

తా.క. చిన్నప్పుడు లెక్కల్లో మార్కులు అడిగినా నువ్విలాగే "బ్రహ్మాండం" అనేవాడివని మీ అక్క అంటోంది.

*

బావగారికి,

మొదట గంభీరంగా ఉంది, తర్వాత మెత్తబడింది, చివర్లో కాస్త తీపి తగులుతోంది. మా కొట్లో అయితే సీసాకెత్తి అద్దాల బీరువాలో పెడతాం.

మీ బామ్మర్ది

తా.క. బుడగలు కాస్త తగ్గాయి. అలిసిపోయాయేమో.

*

ఒరేయ్!

బుడగలు అలిసిపోవడమేమిటి! నీ ఉత్తరం తీసుకుంటూ పాలబండి అతను గేటు దగ్గరే కక్కుకున్నాడట. చచ్చిన ఎలక కంపట! అసలు డ్రమ్ము దగ్గరికి వెళ్ళావా, ఇంట్లో కూచుని కథలల్లుతున్నావా? ఎల్లుండే శుక్రవారం. ఆ నీళ్ళు చల్లకు. నిజం రాయి.

బావ

తా.క. కాలికి కట్టుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి కట్టు నీకుండేది.

*

బావగారికి,

శుక్రవారం దాకా ఎందుకని మొన్నే బకెట్టు ముంచాను. అప్పుడందింది మీ ఉత్తరం. అంతా నారుకి దూరంగా గుంటలో పారబోశాను. గొట్టం చివర బుడగలు వదిలే గాలిరాయికి జిగట పట్టి మూసుకుపోయింది. అది కడిగి, డ్రమ్ము తోమి, కొత్తది కలిపాను. ఈసారి వాసన చూడ్డానికి పాలబండి అతన్ని బతిమాలి నిలబెట్టాను. మట్టి వాసనే అన్నాడు. ఇవాళ పొద్దున్నే చల్లేశాం. నారు నవనవలాడుతోంది.

నేను రోజూ డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను బావా. మూత తీసి తల లోపలికి దూర్చాను కూడా. రెండేళ్ళ కిందటి జ్వరంతో నా ముక్కు పోయింది. ఒక్క వాసనా తెలియదు. ఉద్యోగం పోతుందని అక్కకి కూడా చెప్పలేదు. నా గుట్టు కోసం మీ పంట ముంచబోయాను. సిగ్గుగా ఉంది. క్షమించండి.

మీ బామ్మర్ది

తా.క. పనిలో పనిగా మా కొట్టు యజమానికీ ఫోన్లో నిజం చెప్పేశాను. ఆయనకి పుట్టుకతోనే వాసన తెలియదట. ఇన్నాళ్ళూ నన్ను నమ్మే సరుకు కొన్నాడట.