ఆ పెద్ద ఇంజన్‌కి ఊఁ అనకు

వెర్లిన్,

ఫ్రిజ్‌లో నిన్నటి చిల్లీ కూర ఉంది, వేడి చేసుకుని తిను. కుక్కని కాసేపు బయటికి వదులు. ఇంజన్ల షాపువాడు ఫోన్ చేస్తే ఆ పెద్ద టర్బో ఇంజన్‌కి మాత్రం ఊఁ అనకు, నీకు దణ్ణం పెడతాను.

రేసు కారు ట్రాక్ చివర్లో డీలా పడిపోతోందని, ఉన్న టర్బో ఇంజన్ చాలడం లేదని నెల నుంచీ ఒకటే గోల చేస్తున్నావు. ఇంజన్‌కేమీ కాలేదు. పరుగయ్యాక కారుని లాక్కురావడానికి ట్రక్కు వేసుకుని ఆ చివర నిలబడేది నేను. ముగింపు గీత ఇంకా దూరంగా ఉండగానే మన అమ్మాయి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తోంది. ఇంజన్ చప్పుడు తగ్గడం ప్రతిసారీ వింటున్నాను. నువ్వేమో మొదట్లోనే నిలబడి కేకలేస్తుంటావు, నీకేం వినిపిస్తుంది?

నిన్న డార్లాని అడిగాను. "నాన్నకి చెప్పకమ్మా. పెద్దది పెట్టనీ, ఈసారి కళ్ళు మూసుకుని తొక్కేస్తా" అంది. దాన్ని ఏమీ అడగకు, తిట్టకు. నేనొచ్చేదాకా ఆగు.

లోరేన్

రేసు కారు స్టీరింగ్ కోసం గరాజంతా వెతక్కు. ఊడదీసి నాతో డ్యూటీకి తీసుకెళ్తున్నాను.